అమ్మడూ, నీ లాంగ్వేజ్ గురించి మావయ్య రాసేది

అమ్మడూ,

నువ్వు ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టి సొంతంగా ఒక ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ రాస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. దానికి అదేంటో అర్థం కాలేదు గానీ నువ్వు వేళకి తింటున్నావో లేదో అని దిగులు. నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు, సగం సంతోషం, సగం భయం.

కోడ్‌ని చదివే లెక్సర్, పార్సర్, వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ సంగతి నీకు తెలుసు, టెస్టులు రాసుకో అంతే. ఇన్‌హెరిటెన్స్ దగ్గర, అంటే ఒక క్లాస్ గుణాలు ఇంకో క్లాస్‌కి వారసత్వంగా ఇచ్చే చోట మాత్రం తొందరపడకు. జావాలో స్టాక్ క్లాస్‌ని, ఎక్కడైనా దూర్చగలిగే లిస్టు లాంటి వెక్టర్ కింద పెట్టారు, దాంతో పైనుంచే పెట్టి పైనుంచే తియ్యాల్సిన దాంట్లో ఎవరైనా మధ్యలో కూడా దూర్చొచ్చు, 1996 నుంచీ ఉంది, ఇప్పటికీ తియ్యలేదు, తీస్తే ఎవరి కోడో ఆగిపోతుంది కదా. పైథాన్‌లోనూ అంతే, పాత కోడ్ చాలావరకు నడవని పైథాన్ 3 వచ్చింది 2008లో, పాత 2ని వదిలించుకునేసరికి 2020 జనవరి అయింది.

ఇక అసలు విషయం. ఇది మీ అత్తకి కూడా చెప్పలేదు. తొంభైల చివర్లో ఒక చిన్న కంపెనీలో సి ప్లస్ ప్లస్‌లో అప్పుల లెక్కలకి లైబ్రరీ, అంటే మిగతావాళ్ళు వాడుకునే కోడ్, రాశా. అందులో వాయిదాల లిస్టు ఇచ్చే మెథడ్, అంటే పిలిస్తే పనిచేసే కోడ్ ముక్క, ఒకటుంది, అది కాపీ ఇవ్వదు, లోపలున్న అసలు లిస్టునే ఇస్తుంది, వడ్డీ లెక్కేమో ఆ లిస్టు తేదీల వరసలో ఉంటుందని నమ్ముకుని నడుస్తుంది. ఇదంతా నా బుర్రలో ఉంది, కాగితం మీద లేదు, రేపు రాద్దాంలే అనుకున్నా. కొత్తగా చేరిన కుర్రాడు రిపోర్ట్ కోసం ఆ లిస్టుని మొత్తాల వరసలో సార్ట్ చేశాడు, ఆ తర్వాత వడ్డీలన్నీ తప్పొచ్చాయి. అందరి ముందూ తిట్టా. "డాక్యుమెంటేషన్‌లో లేదు సార్" అన్నాడు మెల్లగా, దాంతో ఇంకా కోపమొచ్చింది నాకు. రెండు నెలలకి మానేసి వెళ్ళిపోయాడు. తప్పు ఎవరిదో ఆ రాత్రే తెలుసు నాకు, అయినా వాడికి ఒక్క మాట చెప్పలేదు. నీ వయసే వాడిది అప్పుడు.

అందుకే పోరుతున్నా, మెథడ్ రాసిన రోజే దాని డాక్యుమెంటేషన్ పేజీ కూడా రాయి. ఇచ్చేది కాపీనా అసలుదా, వెతికింది దొరక్కపోతే ఏమిస్తుంది, ఏ ఎర్రర్ విసురుతుంది, ఇవి రాయకుండా పడుకోకు. ఉదాహరణలు పైథాన్ డాక్‌టెస్ట్‌లాగా రన్ అయ్యేవిగా పెట్టు, కోడ్ మారితే పాత ఉదాహరణ అక్కడే ఫెయిలై నీకు తెలిసిపోతుంది.

అక్షరాల వరసని దాచే స్ట్రింగ్ క్లాస్ దగ్గర మరీ జాగ్రత్త. "శ్రీ" చూడ్డానికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో నాలుగు కోడ్ పాయింట్లు, అంటే ముక్క ముక్కకీ ఇచ్చిన నంబర్లు, వాటిని యూటీఎఫ్-8లో దాస్తే పన్నెండు బైట్లు. పొడవు చెప్పే నీ లెంగ్త్ మెథడ్ వీటిలో ఏది చెప్తుంది? ఏదైనా పర్లేదు, అది ఏదన్నది పేజీలో రాయి. దాన్ని తెలుగులో వాడేవాడు ఊహించుకుంటూ కూర్చోకూడదు.

డబ్బులు తక్కువైతే మీ అమ్మకి చెప్పలేకపోతే నాకు చెప్పు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ స్ట్రింగ్ పేజీ ప్రింట్ తీసుకురా, స్క్రీన్ మీద చదవలేకపోతున్నా, పెన్సిల్ పట్టుకుని కూర్చుంటా.

మీ మావయ్య