37 ఏళ్లకు టీచర్ కావాలంటే చేతిలో ఎంత ఉండాలి?

ప్రశ్న: పదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. ఐదేళ్లు హోటల్లో బల్లలు తుడిచాను. పదో తరగతి పరీక్ష ఫీజు మా సోషల్ మాస్టారు కట్టారు. తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో చరిత్ర, అర్థశాస్త్రంతో బీఏ చేశాను. 11 ఏళ్లుగా వరంగల్‌లో ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. జీతం 48,000, అందులో బేసిక్ 20,000. నా భార్య నర్సు, ఆమె జీతం 22,000. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 38,000. చెల్లెలి పెళ్లికి 12 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు 2.4 లక్షలు మిగిలింది, కిస్తీ 9,500. రెండు లక్షల చీటీకి నెలకు 10,000 చొప్పున ఇంకా 14 నెలలు కట్టాలి. ఎఫ్‌డీ 5.5 లక్షలు, పీఎఫ్ 4.8 లక్షలు ఉన్నాయి. మేము బీసీ-డి. వయసు మించిపోతోందని భయంగా ఉంది. పీఎఫ్ తీసి అప్పు తీర్చి, ఈ ఏడాదే బీఈడీలో చేరవచ్చా?

జవాబు: చేరండి. కానీ ఈ ఏడాది కాదు, 14 నెలలు ఆగి.

వయసు భయం అక్కర్లేదు. తెలంగాణలో ప్రభుత్వ టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీకి 2024లో గరిష్ఠ వయసు 46, బీసీలకు మరో ఐదేళ్ల సడలింపు ఇచ్చారు. నా భయం వేరు. 2017 నోటిఫికేషన్‌తో జరిగిన నియామకాల తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2024లోనే. పైగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బీఈడీ వారికి ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు అర్హత లేదు. 2024లో ప్రకటించిన 11,062 పోస్టుల్లో ఎస్జీటీలు 6,508 అయితే, మీరు పోటీపడగల స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల సబ్జెక్టు టీచర్) పోస్టులు అన్ని సబ్జెక్టులూ కలిపి 2,629. అందుకే 42,300 మూల వేతనంతో మొదలయ్యే ఆ ఉద్యోగాన్ని నేను లెక్కలో వేయను. బీఈడీ రెండేళ్లు, ఆ తర్వాత ప్రైవేటు బడిలో కనీసం రెండేళ్లు ఇల్లు గడవాలి. ప్రణాళిక దానికే వేద్దాం.

చదివే 24 నెలలూ మీ భార్య జీతం పోను నెలకు 16,000 తగ్గుతుంది, అంటే 3.84 లక్షలు. ఫీజు, పుస్తకాలు, ప్రయాణాలకు లక్ష పెట్టుకోండి. ప్రైవేటు బడిలో 15,000 వస్తుందనుకున్నా ధరలు, పిల్లల ఫీజులు పెరుగుతాయి కాబట్టి నెలకు 5,000 లోటు వేద్దాం, రెండేళ్లకు 1.2 లక్షలు. మొత్తం ఆరు లక్షల పైచిలుకు. మీ ఎఫ్‌డీ చాలదు, అప్పు అలాగే ఉంటుంది.

14 నెలలు ఆగితే చిత్రం మారుతుంది. ఇప్పుడు నెలకు మిగిలే 12,500 కూడబెడితే 1.75 లక్షలవుతుంది. చీటీ డబ్బు కమీషన్ పోను సుమారు 1.9 లక్షలు వస్తుంది. అప్పటికి అప్పు 1.34 లక్షలకు దిగుతుంది, చీటీ డబ్బుతో తీర్చేయండి. ఎఫ్‌డీతో కలిపి చేతిలో సుమారు 7.8 లక్షలు ఉంటాయి. ఇంకొకటి మీరు రాయనే లేదు: గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం. బేసిక్ 20,000 మీద 11 ఏళ్లకు దాదాపు 1.27 లక్షలు రావాలి. అది ఆపద సమయానికి.

పీఎఫ్ ముట్టుకోవద్దు. 8.25 శాతం వడ్డీ వచ్చే డబ్బుతో 12 శాతం అప్పు తీర్చడం లెక్క ప్రకారం లాభమే. అయినా వద్దంటున్నాను. చిన్న బడుల్లో చాలా చోట్ల పీఎఫ్ ఉండదు, మీ వృద్ధాప్యానికి దాచిన సొమ్ము ఇదొక్కటే. పదేళ్ల సర్వీసు దాటింది కనుక 58 ఏళ్లకు ఈపీఎస్ (పీఎఫ్‌తో ముడిపడిన పింఛను పథకం) పింఛను హక్కు కూడా మీకు వచ్చింది. రాజీనామా చేశాక ఆ హక్కుకు రుజువుగా ఉండే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి.

దూరవిద్యలో బీఈడీ చేస్తూ ఉద్యోగం నిలుపుకుందామని చూడకండి. అది ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికే. రెగ్యులర్ కోర్సులో 80 శాతం హాజరు తప్పనిసరి. సాయంత్రాలు ఒకటి రెండు దుకాణాల లెక్కలు రాయగలిగితే మంచిదే, కానీ ఆ ఆదాయాన్ని పై లెక్కలో కలపకండి.

హోటల్లో పనిచేసి చదువుకున్న మనిషి తరగతిలో నిలబడితే, ఫీజు కట్టలేక తలదించుకున్న పిల్లవాణ్ణి అడగకుండానే గుర్తుపడతాడు. అందుకే మీరు ఈ వృత్తిలోకి రావాలని నాకు బలంగా ఉంది. వచ్చాక డబ్బుకు ఇబ్బందిపడి మానేయకూడదనే ఇంత జాగ్రత్త.

జీతం వస్తుండగానే రెండు పాలసీలు తీసుకోండి. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా మీతోపాటు ఆగిపోతుంది కాబట్టి కుటుంబం మొత్తానికి సొంత పాలసీ ఒకటి. రెండోది టర్మ్ బీమా, అంటే గడువులోపు మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే పాలసీ. ఆదాయ రుజువు లేకపోతే తర్వాత అది దొరకడం కష్టం. నాలుగేళ్లు ఇల్లు నిలిచేది మీ భార్య జీతం మీదే, కాబట్టి ఆమె పేరిట కూడా టర్మ్ పాలసీ తీసుకోండి.