ఏ వైరస్ అన్నది తర్వాత, ముందు ఊపిరి చూడు

అమ్మలూ,

అల్లుడికి జీబీఎస్ (గిలియన్-బారీ సిండ్రోమ్, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద పడి కాళ్లూచేతులూ చచ్చుబడేలా చేసే జబ్బు) అన్నారని, "ఏ వైరస్ వల్ల వచ్చింది పెద్దమ్మా" అని నిన్న ఫోన్‌లో ఎన్నిసార్లు అడిగావో. నేను నర్సుగా పనిచేసిన నరాల వార్డులో జీబీఎస్ పేషెంట్ల ఇంటివాళ్లందరూ ముందు అడిగేది ఇదే.

కారణం వైరసే కానక్కర్లేదు. ఎక్కువగా బయటపడేది క్యాంపైలోబ్యాక్టర్ అనే విరేచనాల బ్యాక్టీరియా. దాని పైపొర, మన నరాల మీద ఉండే కొవ్వు పదార్థం దాదాపు ఒకేలా ఉంటాయి. దాని కోసం ఒంట్లో తయారైన యాంటీబాడీలు తేడా తెలియక నరాల మీద పడతాయి. వైరస్‌లలో సైటోమెగలో, ఎప్‌స్టీన్-బార్, హెపటైటిస్-ఇ ఉన్నాయి. 2013-14లో ఫ్రెంచ్ పాలినేషియాలో జికా వచ్చినప్పుడు ఈ జబ్బూ పెరిగింది. 2025 జనవరిలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరిగితే, కొందరి మలంలో క్యాంపైలోబ్యాక్టర్, నోరోవైరస్ రెండూ దొరికాయి. కలుషిత నీటినే అనుమానించారు.

అందుకని అల్లుడికి వచ్చిన విరేచనాల సంగతి డాక్టరుకు తప్పక చెప్పు. ఎప్పుడు మొదలయ్యాయి, ఏ మందులు వాడారు, ఈ మధ్య ఏదైనా టీకా వేయించుకున్నాడా, అన్నీ కాగితం మీద రాసివ్వు. అక్కడితో ఆ వెతుకులాట వాళ్లకి వదిలెయ్. క్రిమి పేరు తెలిసినా తెలియకపోయినా వైద్యం ఒకటే: ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలని సెలైన్‌లా ఎక్కించడం), లేదంటే ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవ భాగాన్ని తీసేసి వేరేది ఎక్కించడం). మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. "స్టెరాయిడ్ ఎందుకివ్వరు?" అని మీ మామగారు గొడవపడుతున్నారట. ఈ జబ్బులో అది పనిచేయదని ఆయనకి నెమ్మదిగా చెప్పు.

నువ్వు కనిపెట్టాల్సింది ఊపిరి. వేలి క్లిప్‌లో ఆక్సిజన్ 98 ఉందని ధీమాగా ఉండకు, అది చివరిదాకా బాగానే చూపిస్తుంది. గాలి నిండా పీల్చుకుని ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో పూటపూటా చూడు. ఆ అంకె తగ్గుతుంటే, మింగితే పొరబోతుంటే, దగ్గలేకపోతుంటే, తలగడ మీంచి తల ఎత్తలేకపోతుంటే వెంటనే సిస్టర్‌ని పిలువు. రాత్రి రెండైనా మొహమాటపడకు. నీరసం నాలుగు వారాలదాకా పెరగొచ్చు. వెంటిలేటర్ పెట్టాల్సి వస్తే అంతా అయిపోయిందని ఏడవకు, దాన్నుంచి లేచి నడిచినవాళ్లని చాలామందిని చూశాను. మొహం కదలకపోయినా అతనికి అన్నీ వినబడతాయి, డబ్బు సంగతులు మంచం పక్కన మాట్లాడకండి.

ఇది అంటుకునే జబ్బు కాదు. పిల్లల్ని చూడనివ్వండి.

ఐవీఐజీ మోతాదు బరువుని బట్టి ఉంటుంది, కిలోకి మొత్తం రెండు గ్రాములు. అంటే డెబ్బై కిలోల మనిషికి 140 గ్రాములు, ఖర్చు బాగా అవుతుంది. ప్లాస్మా మార్పిడి కూడా అంతే పనిచేస్తుంది, ఏది వీలో డాక్టరునే అడుగు. ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్రని రేపే కలువు, రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ