కోడికూర ముట్టకపోతే చులకనేనా?

ప్రశ్న: మా పక్క వాటాలో ముస్లిం కుటుంబం దిగింది. బాబు పుట్టినరోజుకి పిలిస్తే అందరూ వచ్చారు. పప్పు, పెరుగన్నం తిన్నారు గానీ నాటుకోడి కూర ఒక్కరూ ముట్టలేదు. మా వంటంటే అంత చులకనా? ఇక పిలవొద్దంటున్నారు మా అత్తగారు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: చులకనైతే మీ పప్పు మాత్రం ఎందుకు తింటారమ్మా? అదీ మీ గిన్నెల్లోదే, మీరు వండిందే. వాళ్లకు అడ్డొచ్చింది కోడిని కోసిన తీరు. అల్లా పేరు చెప్పి, గొంతు కోసి, రక్తం కారనిచ్చిన మాంసమే వాళ్లకు హలాల్. ఎక్కడ కొన్నారని విందులో అడగడానికి మొహమాటపడి ఉంటారు. కార్తీకమాసంలో మీకెవరైనా బిర్యానీ పెడితే వద్దనరూ? అది వాళ్లను అవమానించడం కాదని మీకు తెలుసు. ఎదుటివాళ్లు వద్దంటే మాత్రం వెంటనే దురుద్దేశం అంటగడతాం. నాకు బాధ కలిగించేది అదే.

ఈసారి చేపల పులుసు పెట్టండి, చేపకు ఆ కోత నియమం లేదు. కోడే వండాలనుంటే హలాల్ కొట్లో తెచ్చి, ఆ సంగతి ముందే చెప్పండి. ప్రసాదానికి మాత్రం బలవంతపెట్టకండి. దేవుడికి నివేదించింది కొందరు తీసుకోరు. పిలవడం మానొద్దని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.