బోరు పనికి ఒప్పుకునే ముందు గాలి ఎటు పోతోందో చూడండి

మీది 2013 మోడల్, ఆరు సిలిండర్ల డీజిల్ లారీ, ఇన్‌లైన్ పంపు (పాత మెకానికల్ డీజిల్ పంపు) బండి. కొని రెండు నెలలైంది. పొద్దున స్టార్ట్ చేస్తే పది నిమిషాలు మిస్ కొడుతోంది (ఏదో సిలిండర్ సరిగా మండడం లేదు), తెల్ల పొగ వస్తోంది, లోడుతో పికప్ లేదు. మేస్త్రి "కంప్రెషన్ పోయింది, బోరు పని తప్పదు" అన్నాడని రాశారు, అంటే సిలిండర్‌లో నొక్కిన గాలి నిలవడం లేదు, లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చాలని. ఐదేళ్ల కిందట నాకూ అచ్చం ఇదే మాట చెప్పారండి. ఇంజిన్ దించడానికి దయచేసి రెండు రోజులు ఆగండి.

నాది పది టైర్ల సెకండ్ హ్యాండ్ లారీ. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని గుంటూరు వైపు తిప్పేవాళ్లం. కొన్న నెలకే, నంద్యాల దాటాక గిద్దలూరు వెళ్లే నల్లమల ఘాట్‌లో, మూడో గేరులో ఎక్కాల్సిన చోట రెండో గేరుకి దిగిపోయింది. ఆగి ఉన్నప్పుడు క్యాబిన్ అంతా లయ తప్పి ఊగేది. మొదట చూసిన మేస్త్రి ఆయిల్ పోసే మూత తీసి, లోపలి నుంచి తన్నుకొస్తున్న పొగ చూపించి, "బ్యాక్ కంప్రెషన్. లైనర్లు, పిస్టన్లు, రింగులు మొత్తం సెట్టు మార్చాలి" అన్నాడు. లైనరంటే పిస్టన్ తిరిగే సిలిండర్ గొట్టం; పిస్టన్ పక్క నుంచి గాలి కిందికి జారితే దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. లక్ష దాటే పని. అప్పటికే ఫైనాన్స్ కిస్తీలు మొదలయ్యాయి. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మా నాన్న దగ్గర పనిచేసిన పెద్ద డ్రైవర్ ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాను. ఫోన్ చేస్తే ఒకటే అడిగారు. "ఏ సిలిండర్ రా?" నా దగ్గర జవాబు లేదు. "అది తేలకుండా ఇంజిన్ విప్పనివ్వకు" అన్నారు.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదిహేడు, పద్దెనిమిది రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. కాబట్టి ఒక సిలిండర్ మిస్ కొడుతోందంటే దాదాపుగా రెండే దారులు. డీజిల్ సరిగా చిమ్మడం లేదు, లేదా గాలి నిలవక వేడి చాలడం లేదు. కళ్లు మండే తెల్ల పొగ, కాలకుండా బయటికొచ్చిన డీజిలే. రెండు తప్పుల్లోనూ అదే పొగ వస్తుంది. పొగ చూసి బోరు పోయిందని తేల్చడం కుదరదు.

మర్నాడు తెల్లవారకముందే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బాబాయ్ వచ్చారు. స్టార్ట్ చేసి రెండు నిమిషాలు తిప్పాక, చెంబులో నీళ్లు తీసుకుని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండర్ దగ్గర వేలితో నాలుగు చుక్కలు చిలకరించారు. ఐదు చోట్ల చుయ్‌మని ఆవిరైపోయాయి. మూడో దాని దగ్గర చుక్కలు అలాగే నిలబడి మెల్లగా జారాయి. ఆ తర్వాత నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపుల నట్లు ఒక్కొక్కటే కొద్దిగా లూజ్ చేశారు. మంచి సిలిండర్‌ది వదిలితే ఇంజిన్ శబ్దం కుంగుతుంది. మూడోది వదిలినా శబ్దంలో మార్పే లేదు. అంటే అది ముందే పని మానేసింది. ఈ నట్టు వదిలే పద్ధతి పాత మెకానికల్ పంపు బండ్లకు మాత్రమే. కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే, చాలా ఎక్కువ ప్రెషర్ డీజిల్) బండి అయితే పైపు జోలికి అస్సలు వెళ్లకండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. వాటికి స్కానర్‌తోనే చూడాలి.

సిలిండర్ తెలిశాక మూడో నాజిల్‌ని రెండో దాంట్లోకి, రెండోది మూడో దాంట్లోకి మార్చాం. మిస్సింగ్ నాజిల్‌తో పాటు రెండో సిలిండర్‌కి వెళ్లి ఉంటే నాజిల్ సర్వీసుతో పని అయిపోయేది. వెళ్లలేదు, మూడులోనే ఉండిపోయింది. అప్పుడు కంప్రెషన్ కొలిచే గేజ్ పెట్టాం. పెట్రోల్ బండి గేజ్ దీనికి చాలదు. డీజిల్‌కి ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు సుమారు 350 నుంచి 500 పీఎస్‌ఐ వరకు రావాలి, మీ ఇంజిన్ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉండాలి, నాజిళ్లు అన్నీ తీసి, డీజిల్ ఆపి క్రాంక్ చేయాలి. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మాకు ఐదూ 380 దరిదాపుల్లో, మూడోది 210. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే మాత్రం ముందు హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజిన్ బ్లాక్‌కి, పైన హెడ్‌కి మధ్య ఉండే సీలు) అనుమానించండి.

కంప్రెషన్ తక్కువ అని తేలింది కదా, మేస్త్రి మాటే నిజమని ఇక్కడే చాలామంది ఒప్పేసుకుంటారు. గేజ్ ఎంత పోయిందో చెబుతుంది, ఎటు పోయిందో చెప్పదు. కొందరు సిలిండర్‌లో ఆయిల్ పోసి చూడమంటారు. డీజిల్‌లో పిస్టన్ పైన ఉండే ఖాళీ చాలా తక్కువ, ఆయిల్ ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలి పరీక్షే మేలు. మూడో పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చాం. దాని జత నాలుగోది; నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్నప్పుడు మూడోది సరిగ్గా పైన ఉంటుంది. చక్రాలకు అడ్డు పెట్టి, టాప్ గేరు వేసి, ఫ్యాన్ దగ్గర చేతులు లేకుండా చూసుకుని, నాజిల్ రంధ్రంలోంచి పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి వదిలాం.

బాబాయ్ ఆయిల్ మూత దగ్గర చెవి పెట్టారు. అక్కడ పెద్దగా ఏం లేదు, అంటే రింగులు పోలేదు. రేడియేటర్‌లో బుడగలు లేవు, గ్యాస్కెట్ బాగుంది. ఎయిర్ ఫిల్టర్ పైపులో నిశ్శబ్దం, గాలి లోపలికొచ్చే వాల్వ్ బాగుంది. నేను వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర వంగాను. పాము బుసకొట్టినట్టు సన్నగా, ఆగకుండా గాలి. ఎగ్జాస్ట్ వాల్వ్!

ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కి, దాన్ని నొక్కే రాకర్‌కి మధ్య ఉండాల్సిన సన్న ఖాళీ) చూస్తే, దాన్ని కొలిచే ఫీలర్ గేజ్ రేకు అసలు దూరలేదు. ఎవరో బిగుతుగా సెట్ చేసి వదిలేశారు, వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోయింది. హెడ్ ఒక్కటే దించాం. వాల్వ్ అంచు బిస్కెట్ కొరికినట్టు ఉంది. లైనర్ లోపల హోనింగ్ గీతలు (కొత్తలో వేసే సన్న గీతలు) ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి, అంటే అది అరగలేదు. ఆ లైనర్లనే మార్చమన్నారు! వాల్వ్, సీటు, గైడ్ వేయించి, పోర్టులో కిరోసిన్ పోసి కారడం లేదని చూసి, హెడ్ ఎక్కించాం. బోరు పనికి చెప్పినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు.

మరి ఆ బ్యాక్ కంప్రెషన్ ఏంటంటారా? అది బ్రేకు గాలి కంప్రెసర్‌ది. దాని రింగులు అరిగితే గాలి ఇంజిన్ చాంబర్‌లోకే వస్తుంది. ట్యాంకుల్లో గాలి ఖాళీ చేసి, కంప్రెసర్ డెలివరీ పైపు విప్పి ఇంజిన్ నడిపితే మూత దగ్గర పొగ బాగా తగ్గింది. మీ ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ లాగి చూడండి, నీళ్లతో పాటు ఆయిల్ ఎక్కువగా పడుతుంటే మీదీ అదే కావచ్చు.

మీ బండిలో నిజంగానే రింగులు పోయి ఉండవచ్చు. గాలి వదిలినప్పుడు ఆయిల్ మూతలోంచి గట్టిగా కొడితే, నీలం పొగ, ఆయిల్ తగ్గడం కూడా ఉంటే బోరు పని చేయించండి, వెనకాడకండి. రేపు పొద్దున చల్లని ఇంజిన్ మీద నీళ్ల చుక్కలతో మొదలుపెట్టి, ఏ సిలిండర్ అని తేలిందో, గాలి ఎక్కడ వినిపించిందో ఇక్కడ రాయండి. నేను చూస్తూ ఉంటాను.