చెరువులో ఈత కొట్టి వచ్చాక జ్వరం: టైఫాయిడ్ కాకపోతే?

కలుజు (అలుగు) పారుతున్న చెరువులో మీ అబ్బాయి స్నేహితులతో కలిసి ఈత కొట్టాడనీ, పది రోజులకు చలిజ్వరం వచ్చిందనీ, విడాల్ అనే రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అన్నారనీ రాశారు. మందులు వాడుతున్నా పిక్కల నొప్పి తగ్గలేదట. చెరువు నీటికీ దీనికీ సంబంధం ఉండవచ్చు. ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, బాబు ఈతకు వెళ్లిన సంగతి మీరే ముందుగా చెప్పండి.

మాది నెల్లూరు జిల్లాలో సంగం దగ్గర పల్లె. డిగ్రీ చదివే రోజుల్లో, కార్తీకం వానలకు మా చెరువు నిండినప్పుడు నేనూ అలాగే దూకాను. కలుజు రాయి అంచు తగిలి కుడి మడమ చీరుకుపోయింది. నెత్తురును ఆ నీళ్లలోనే కడుక్కుని మళ్లీ ఈదాను. కాస్త అవతల గేదెలు పడుకుని ఉన్నాయి, కట్ట నిండా ఎలుకల బొరియలు. తొమ్మిదో రోజున జ్వరం. పుసి లేకుండానే కళ్లు ఎర్రబడ్డాయి. గోడ పట్టుకోనిదే రెండడుగులు వేయలేకపోయాను. అయిదు రోజులు టైఫాయిడ్ మందులే వాడారు. తర్వాత నెల్లూరులో ఒక పెద్ద డాక్టరు బొటనవేలితో పిక్క నొక్కారు. నేను కేక వేశాను. "ఈ మధ్య నీళ్లలో దిగావా?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, అమ్మ కోప్పడుతుందని నేనూ చెప్పలేదు. అది లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం. అప్పటికే మూత్రపిండాల మీద ప్రభావం పడింది. వారం రోజుల పెన్సిలిన్ ఇంజెక్షన్లతో కోలుకున్నాను.

ఎలుకలు, పశువుల మూత్రంతో నీటిలో చేరే ఈ సూక్ష్మజీవి గాయాల నుంచీ, కళ్లు, నోటి పొరల నుంచీ ఒంట్లోకి వెళుతుంది. లక్షణాలు కనబడడానికి సాధారణంగా 5 నుంచి 14 రోజులు పడుతుంది. 2000లో మలేషియాలోని సబాలో జరిగిన సాహస పోటీకి 26 దేశాల నుంచి 304 మంది వచ్చారు. తర్వాత పరిశోధకులు మాట్లాడగలిగిన 189 మందిలో 80 మందికి ఈ జ్వర లక్షణాలు కనిపించాయి. సెగామా నదిలో ఈదినవారికి ముప్పు ఎక్కువని తేలింది. రాళ్లూ ముళ్లూ గీరుకున్న ఒంటితో నదిలో దిగిన ఆ ఆటగాళ్ల గురించి చదువుతుంటే నా మడమే గుర్తొచ్చింది.

విడాల్ ఒక్కటే చూసి టైఫాయిడ్ అని తేల్చడం సరికాదు. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. ఎలుక జ్వరానికి చేసే లెప్టో ఐజీఎం రక్తపరీక్ష జ్వరం మొదలైన వారంలోపు నెగెటివ్ వచ్చినా నమ్మకండి, మళ్లీ చేయించమనండి. అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండానే డాక్టర్లు మందు మొదలుపెడతారు. మూత్రం తగ్గినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా పెద్దాసుపత్రికి వెళ్లడంలో గంట కూడా ఆలస్యం చేయకండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ముందుజాగ్రత్తగా పనిచేస్తుందని పనామాలో అమెరికా సైనికుల మీద జరిగిన పరీక్షలో తేలింది. అయినా డాక్టరు చెప్పకుండా పిల్లలకు ఇవ్వకండి.

ఆ రోజు నీళ్లలో దిగిన మిగతా పిల్లల ఇళ్లకూ ఫోను చేయండి. నాతో దూకిన ఇద్దరిలో ఒకరికి నా తర్వాత వారానికి జ్వరం వచ్చింది. నా సంగతి తెలిసి ఉండడంతో అతనికి మొదటి రోజే సరైన మందు పడింది, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరమే రాలేదు.