గుర్తింపు పత్రం కావాలా అని జర్మన్‌లో ఎలా అడగాలి?

ప్రశ్న: పై చదువుకు త్వరలో జర్మనీ వెళ్తున్నాను. ఏదైనా పనికి గుర్తింపు పత్రం అవసరమా అని అడగడానికి ‘మియర్ బ్రౌఖె ఐన్ ఔస్‌వైస్?’ అని రాస్తే, తరగతిలో తప్పన్నారు. ఎందుకు తప్పో వివరించగలరా?

జవాబు: సరైన వాక్యం ‘బ్రౌఖె ఇష్ ఐనెన్ ఔస్‌వైస్?’. మీ పొరపాటు తెలుగు అలవాటు నుంచి వచ్చినదే. మనం ‘నాకు పత్రం కావాలి’ అన్నప్పుడు అవసరం ఉన్న మనిషి ‘కు’ విభక్తితో వస్తాడు. జర్మన్ క్రియ ‘బ్రౌఖెన్’కు మాత్రం ఆ మనిషే కర్త కాబట్టి, ‘నాకు’ అనే అర్థమిచ్చే ‘మియర్’ బదులు ‘నేను’ అనే అర్థమిచ్చే ‘ఇష్’ రావాలి. మనం చివర ‘ఆ’ చేర్చి ప్రశ్న చేస్తాం. వారు క్రియను మొదటికి తెస్తారు.

ఇక ‘ఐనెన్’ సంగతి. ‘ఔస్‌వైస్’ జర్మన్‌లో పుంలింగ పదం. ప్రాణం లేని కార్డుకు పుంలింగమేమిటని మనకు అనిపించడం సహజమే గాని, అక్కడ లింగం వస్తువును బట్టి కాక పదాన్ని బట్టి ఉంటుంది, పైగా పుంలింగ పదం కర్మగా వచ్చినప్పుడు దాని ముందున్న, ‘ఒక’ అనే అర్థమిచ్చే ‘ఐన్’ ‘ఐనెన్’గా మారుతుంది. ‘ని’ చేర్చకుండానే ‘కార్డు చూపించు’ అనే మనకు ఈ మార్పు చాలాకాలం గుర్తుండదు. అందుకే ‘ఐనెన్ ఔస్‌వైస్’ను ఒకే మాటగా కంఠస్థం చేయమని నా సలహా.

ఉచ్చారణలోనూ ఒక మెలిక ఉంది. ‘బ్రౌఖె’, ‘ఇష్’ రెండింటిలోనూ ఒకే జంట అక్షరాలు రాస్తారు, కాని మొదటిది గొంతు వెనుక ఒరుసుకుంటూ వచ్చే ధ్వని, రెండోది నాలుకను అంగిలికి దగ్గరగా ఉంచి ఊదే మెత్తని ధ్వని. ఈ రెండోదానికి తెలుగులో సరైన అక్షరం లేదు. ‘ష’ కేవలం దగ్గరి గుర్తు. విని నేర్చుకోవడమే మార్గం.

జర్మనీలో 16 ఏళ్లు నిండిన పౌరులకు గుర్తింపు కార్డు గాని పాస్‌పోర్టు గాని ఉండాలని చట్టం చెబుతుంది. ఆ పౌరుల కార్డు మీకు ఉండదు కనుక, ‘నా పాస్‌పోర్టు సరిపోతుందా?’ అనే అర్థమిచ్చే ‘రైష్ట్ మైన్ రైజెపాస్?’ మీకు మరింత అక్కరకు వస్తుందని నా నమ్మకం. ‘రైజెపాస్’ కూడా పుంలింగమే అయినా ఈ వాక్యంలో కర్త కాబట్టి ‘మైన్’ మారలేదని గమనించండి.

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. అలాంటి పనికి ముందు ‘అందుకు’ అనే అర్థమిచ్చే ‘డాఫ్యూర్’ను చేర్చి ‘బ్రౌఖె ఇష్ డాఫ్యూర్ ఐనెన్ ఔస్‌వైస్?’ అని అడగండి. అవసరం లేకపోతే ‘నైన్, బ్రౌఖెన్ జీ నిష్ట్’ అంటారు. ‘యా, ఈరెన్ ఔస్‌వైస్, బిట్టె’ అని వినిపిస్తే, మీ పత్రం చూపమని మర్యాదగా కోరుతున్నారని అర్థం; ‘ఈరెన్’ చివరనున్నది కూడా ఆ ‘ఎన్’ ప్రత్యయమే.