ఇంగ్లీషులో స్వామ్యార్థం: అపాస్ట్రఫీ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు?

నామవాచకానికి స్వామ్యార్థంలో, అంటే ఫలానా వారిది, ఫలానా దానిది అని చెప్పేటప్పుడు, అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే ’ గుర్తు) పెట్టమని చెప్పి, ‘ఇట్స్’, ‘యువర్స్’ వంటి సర్వనామాలకు మాత్రం ఎందుకు వద్దంటారన్నది ప్రశ్న.

పాత ఇంగ్లీషులో చాలా నామవాచకాల షష్ఠీ (స్వామ్య) రూపం చివర ‘ఈ’, ‘ఎస్’ అనే రెండక్షరాలు ఉండేవి. కాలక్రమంలో ‘ఈ’ జారిపోగా, ఆ లోపానికి గుర్తుగా అపాస్ట్రఫీ నిలిచింది. అబ్బాయి ఒక్కడే అయితే ‘బాయ్’ తర్వాత గుర్తు, దాని తర్వాత ‘ఎస్’ రాయాలి. పలువురైతే ‘బాయ్స్’ అని పూర్తిగా రాసి, చివర గుర్తు ఒక్కటే పెట్టాలి. ‘చిల్డ్రన్’ బహువచనమే అయినా చివర ‘ఎస్’ లేదు గనుక దానికి ఏకవచన పద్ధతే వర్తిస్తుంది.

‘హిజ్’, ‘హర్స్’, ‘ఇట్స్’, ‘దెయిర్స్’ వంటివి స్వతహాగా స్వామ్య రూపాలే కాబట్టి వాటికి గుర్తు అక్కర్లేదు. అసలు చిక్కంతా ‘ఇట్స్’ దగ్గరే వస్తుంది: అపాస్ట్రఫీ ఉంటే అది ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హాజ్’ అనే మాటలకు సంక్షిప్త రూపం. ‘ద డాగ్ వ్యాగ్డ్ ఇట్స్ టెయిల్’ అన్న వాక్యంలో ‘ఇట్ ఈజ్ టెయిల్’ అని పెట్టి చదివితే అర్థం చెడుతుంది, అంటే అక్కడ గుర్తు ఉండకూడదు.

‘మై’, ‘మైన్’ల తేడా మన ‘నా’, ‘నాది’ల తేడాయే: నా పెన్ను, ఈ పెన్ను నాది. అయితే ‘మా ఆవిడ’ను మాత్రం ‘అవర్ వైఫ్’ అనకూడదు, ‘మై వైఫ్’ అనే చెప్పాలి; తెలుగులో ఒక్కరే మాట్లాడుతున్నా కుటుంబ సంబంధాలకు ‘మా’ వాడతాం గానీ, ఇంగ్లీషులో ‘అవర్’ అంటే ఒకరికంటే ఎక్కువమందికి చెందినదని అర్థం వస్తుంది.